క్యాష్‌లెస్ కౌంటర్ నుంచి సోషియాలజీ ఎంఏకి

ప్రశ్న: మేడమ్, నమస్తే. నాకు 25 ఏళ్లు. మాది మిర్యాలగూడ. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. బీఏలో హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ చదివాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేస్తున్నాను. జీతం 22 వేలు. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్లో ఉంటాను. క్యాష్‌లెస్ ఫైళ్లు అప్‌లోడ్ చేయడం, కంపెనీ పంపే క్వెరీలకు జవాబులు ఇప్పించడం నా పని. ఆమధ్య యూట్యూబ్‌లో నిక్లాస్ లూమన్ అనే జర్మన్ సామాజికవేత్త మీద ఒక లెక్చర్ విన్నాను. సమాజం మనుషులతో కాదు, కమ్యూనికేషన్‌తో తయారవుతుందని ఆయన అంటాడట. అది వినగానే మా డెస్కే గుర్తొచ్చింది. అప్పటినుంచి దొరికింది చదువుతున్నాను, సగం అర్థం కావట్లేదు. సామాజిక వ్యవస్థల సిద్ధాంతం, సాంస్కృతిక సంక్లిష్టత మీద పీజీ చేయాలనుంది. ఆ పేరుతో ఇక్కడ కోర్సు కనబడలేదు. విదేశాలకు వెళ్లాలా? నా ఇంగ్లిష్‌తో అవుతుందా? నాన్న "ఉన్న ఉద్యోగం మానేసి మళ్లీ ఎంఏ ఏంది" అంటున్నారు. బావ హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎంబీఏ చెయ్యమంటున్నాడు. ఇదే టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. మేము బీసీ-బి. ఏం చేయమంటారు? (పేరు వేయొద్దు)

జవాబు:

ముందు కోర్సు సంగతి తేల్చేద్దాం. ఆ పేరున్న పీజీ కోసం వెతకడం ఆపేయండి. మీరు చెప్పిన రెండూ మన దగ్గర పట్టా మీద అచ్చయ్యే పేర్లు కావు. సోషియాలజీ థియరీ పేపర్లో కొన్ని క్లాసులు, ఆంత్రోపాలజీలో ఒక యూనిట్, అదృష్టం బాగుంటే వాటి మీద మనసున్న ఒక ప్రొఫెసర్, ఇలా దొరుకుతాయి. మీరు చేయాల్సింది మామూలు ఎంఏ సోషియాలజీ, లేదా ఎంఏ ఆంత్రోపాలజీ. అందులో చేరి మీ ప్రశ్నను మీతోపాటు లోపలికి తీసుకెళ్లాలి. చాలామంది పిల్లలు రెండో ఏడాదిలో డిసర్టేషన్‌కు (చిన్న పరిశోధన గ్రంథం) టాపిక్ దొరక్క తల పట్టుకుంటారు. మీకు టాపిక్ ముందే దొరికింది, సీటే తర్వాత రావాలి.

మీ డెస్క్ దగ్గరికే వెళ్దాం. పొద్దున రౌండ్స్‌లో డాక్టరు చూసి "ఇంక ఇంటికి పోవచ్చు" అంటారు. నర్సు చేతికున్న క్యాన్యులా తీసేస్తుంది. పెద్దాయన ఆస్పత్రి గౌను విప్పి తన బట్టలు వేసుకుని, సంచి సర్దుకుని మంచం అంచున కూర్చుంటాడు. వైద్యం లెక్కలో ఆయన పని అయిపోయింది. బిల్లింగ్ లెక్కలో ఆయన ఇంకా పేషెంటే. మీరు ఫైనల్ బిల్లు అప్‌లోడ్ చేస్తారు. టీపీఏ (బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థ) నుంచి క్వెరీ వస్తుంది. జవాబు మీద డాక్టరు సంతకం కావాలి, డాక్టరేమో థియేటర్లో ఉంటారు. పొద్దుగూకుతుంది. ఆయన కొడుకు పది నిమిషాలకోసారి కౌంటర్ దగ్గరికొచ్చి "మేడమ్, అయ్యిందా?" అని అడిగిపోతుంటాడు. విడివిడిగా చూస్తే ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు.

ఇప్పుడు ఆ క్వెరీలో ఏముందో చూడండి. చేర్చుకున్న రోజు కేస్‌షీట్‌లో జూనియర్ డాక్టర్ ఒక ముక్క రాశాడు, బీపీ ఆరేళ్లుగా ఉందని. మత్తు ఇచ్చేవాళ్లు జాగ్రత్తపడాలని, మందులు చూసుకుని వేయాలని రాశాడు. అదే ముక్క ఇన్సూరెన్స్ కంపెనీ చేతిలో పడేసరికి వేరే సంగతి అయిపోతుంది. పాలసీ తీసుకునే నాటికే జబ్బు ఉందా? ఫారంలో చెప్పారా? వెయిటింగ్ పీరియడ్ (పాత జబ్బులకు బీమా వర్తించని తొలి గడువు) దాటిందా? మేం కట్టాలా, అక్కర్లేదా? వాక్యం మారలేదు. లూమన్ చెప్పేది ఇదే. వైద్యం ప్రపంచాన్ని జబ్బు ఉందా, లేదా అని చూస్తుంది. డబ్బు వ్యవహారం కట్టడం, కట్టకపోవడం అన్న రెండు గళ్లలో చూస్తుంది. చట్టం సక్రమమా, అక్రమమా అని చూస్తుంది. ఒక వ్యవస్థలోని మాట ఇంకో వ్యవస్థలోకి అలాగే నడిచి వెళ్లదు. వెళ్లిన చోట అది ఆ వ్యవస్థ సొంత ప్రశ్నగా మారి కూర్చుంటుంది.

మనుషులు లెక్కలోకి రారని ఆయన అనలేదు. మనిషి ఒంటినీ మనసునీ ఆయన సామాజిక వ్యవస్థకు వెలుపల, దాని పరిసరాల్లో ఉంచాడు. ఆ కొడుకు ఆందోళన నిజమే, కానీ అది ఫైల్లోకి ఎక్కదు. ఎక్కాలంటే ఈమెయిల్ కావాలి, ఫిర్యాదు నంబరు కావాలి. అంటే అది కమ్యూనికేషన్‌గా మారాలి. క్వెరీకి జవాబు, జవాబు మీద మళ్లీ క్వెరీ, ఒకదాన్నుంచి ఇంకోటి పుట్టుకుంటూ పోతుంది. ఈ ఊహకు మూలం చిలీ దేశపు జీవశాస్త్రజ్ఞులు మతురానా, వరేలా. జీవకణం తన భాగాలను తానే తయారు చేసుకుంటూ నిలబడుతుందని వాళ్లు 1970ల మొదట్లో చెప్పి, దానికి ఆటోపొయీసిస్ అని పేరు పెట్టారు. లూమన్ దాన్ని తెచ్చి సమాజానికి వర్తింపజేశాడు. మతురానాకు ఆ వాడకం నచ్చలేదు, అది వేరే గొడవ.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన ఊళ్లోనే ఉంది, నానక్‌రామ్‌గూడ వైపు. 2024 మేలో వాళ్లిచ్చిన సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థన మీద గంటలోగా, డిశ్చార్జికి ఫైనల్ అనుమతి మూడు గంటల్లోగా కంపెనీ తేల్చాలి. మరి మీ డెస్క్ దగ్గర ఏం మారింది? గడియారం ఎప్పుడు మొదలైనట్టు లెక్క వేస్తున్నారు, ఫైలు పంపినప్పుడా, కాగితాలన్నీ అందాయని కంపెనీ ఒప్పుకున్నప్పుడా? క్వెరీలు తగ్గాయా, ముందే అడిగేస్తున్నారా? ఒక వ్యవస్థ ఇంకో వ్యవస్థను బయట నుంచి ఆడించలేదు, మహా అయితే కుదపగలదు అంటాడు లూమన్. ఆ కుదుపుకు ఎలా స్పందించాలన్నది రెండోది తన పద్ధతిలో తానే తేల్చుకుంటుందట. ఇది ఎంతవరకు నిలబడుతుందో పరీక్షించడానికి మీ కౌంటర్‌కు మించిన చోటు లేదు. ఇదొక్కటే ఒక ఎంఏ డిసర్టేషన్‌కు చాలు.

ఆయన గురించి రెండు ముక్కలు. 1927లో పుట్టాడు. లా చదివి, కొన్నేళ్లు ప్రభుత్వాఫీసులో అధికారిగా పనిచేశాడు. 1960లో హార్వర్డ్ వెళ్లి అమెరికా సామాజికవేత్త టాల్కట్ పార్సన్స్ దగ్గర చదువుకున్నాడు. 1960ల చివర్లో బీలెఫెల్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరినప్పుడు, నీ పరిశోధన ప్రాజెక్టు ఏంటని అడిగితే, సమాజ సిద్ధాంతం, వ్యవధి 30 ఏళ్లు, ఖర్చు ఏమీ లేదు అని రాసిచ్చాడట. ముఖ్యమైన పుస్తకం 1984లో, చివరి పెద్ద గ్రంథం 1997లో వచ్చాయి, మరుసటేడు చనిపోయాడు. చెక్కపెట్టెల్లో దాచుకున్న ఆయన నోట్స్ చీటీలు దాదాపు 90 వేలు. ఫైళ్ల మధ్య బతికినవాడికే ఇలాంటి సిద్ధాంతం తడుతుందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మీకు వినగానే ఎక్కడం కూడా అందుకేనేమో.

అలాగని ఆయనకు భక్తురాలైపోవద్దు. మీ కౌంటర్ దాకా వచ్చినవాళ్లకు కనీసం ఫైలు ఉంది. అసలు రానివాళ్ల మాటేమిటి? నాందేడ్ నుంచి మేస్త్రీ పనికొచ్చి, ఇక్కడ అడ్రస్ ప్రూఫ్ లేక, రేషన్ కార్డు లేక, కార్డు లేదు కాబట్టి ఆరోగ్యశ్రీ లేక, సెక్యూరిటీ గార్డు దగ్గరే ఆగిపోయిన మనిషి మీ వ్యవస్థలో ఎక్కడా నమోదు కాడు. వ్యవస్థలు వేటికవి స్వతంత్రంగా నడుస్తాయన్న బొమ్మలో ఇది ఇమడదు. ఈ సంగతి లూమన్‌కూ ఆలస్యంగానే తట్టింది. 1990లలో, బ్రెజిల్ నగరాల్లోని ఫావెలా బస్తీల ప్రస్తావన తెచ్చి, వెలివేత ఉంది, అదీ పెద్ద ఎత్తున ఉంది అని రాశాడు. లోపల ఉన్నవాళ్లకు ఒక వ్యవస్థలో చోటు ఉన్నంత మాత్రాన ఇంకోదాంట్లో చోటు దక్కదు. బయట పడ్డవాళ్లకు మాత్రం ఒకటి పోతే దాని వెంట మిగతావీ పోతాయి. అడ్రస్ లేదు, కార్డు లేదు, బడి లేదు, బ్యాంకు ఖాతా లేదు. ఈ గొలుసును ఆయన గమనించాడు గానీ లోతుగా వెళ్లలేదు. కులం సంగతి ఆయన సిద్ధాంతంలో ఇంకా పల్చన. అంతస్తుల సమాజం పోయి పనుల వారీగా విడిపోయిన సమాజం వచ్చిందన్నది ఆయన చెప్పే కథ. మన దగ్గర రెండూ ఒకే మెట్రో కోచ్‌లో ప్రయాణం చేస్తున్నాయి. హైదరాబాద్ నుంచి ఈ సిద్ధాంతం చదవబోయే మనిషికి చెప్పడానికి కొత్త సంగతి ఉందంటే ఇక్కడే ఉంది.

ఇక సాంస్కృతిక సంక్లిష్టత. ఇది ఇంకో ఇంటి సరుకు, ఆంత్రోపాలజీది. స్వీడన్ ఆంత్రోపాలజిస్టు ఉల్ఫ్ హానెర్జ్ 1992లో ఈ పేరుతోనే ఒక పుస్తకం రాశాడు. నైజీరియాలో కఫాంచన్ అనే రైల్వే జంక్షన్ ఊళ్లో ఫీల్డ్‌వర్క్ చేసిన మనిషి (మన కాజీపేట లాంటి ఊరనుకోండి). ఒక సమాజంలో అందరి బుర్రలోనూ ఒకే సంస్కృతి ఉంటుందన్న పాత అభిప్రాయాన్ని ఆయన పక్కన పెట్టాడు. అర్థాలు జనంలో సమానంగా పంచబడి ఉండవు, ఎవరి దగ్గర ఏముందో, అది ఏ దారుల్లో పారుతోందో చూడాలన్నాడు. నాలుగు దారులు చెప్పాడు. రోజువారీ జీవితం, మార్కెట్, ప్రభుత్వం, ఉద్యమం.

మీకు బతుకమ్మ చాలు ఇది అర్థం కావడానికి. మిర్యాలగూడలో మీ అమ్మ తంగేడు, గునుగు పేర్చడం చూసి మీరు నేర్చుకున్నారు. ఎవరూ క్లాసు చెప్పలేదు, ఉయ్యాల పాట పక్కింటివాళ్ల నోట విని పట్టుకున్నారు. అది మొదటి దారి. తెలంగాణ ఉద్యమం రోజుల్లో అదే బతుకమ్మ వాకిట్లోంచి రోడ్డెక్కింది, ట్యాంక్‌బండ్ మీదికి, ధర్నాల్లోకి వచ్చింది. ఆడేవాళ్లకు తాము ఏం చెప్పడానికి ఆడుతున్నారో తెలిసే ఆడారు. 2014లో రాష్ట్రం వచ్చాక అది రాష్ట్ర పండుగ. 2017 నుంచి ప్రభుత్వం సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించి బతుకమ్మ చీరలు పంచింది. అప్పటిదాకా మీ వాడలో ఎవరికి తోచినట్టు వారు చేసుకున్న పండుగకు లబ్ధిదారుల జాబితా వచ్చింది. మార్కెట్ సంగతి చెప్పక్కర్లేదు. మాల్స్‌లో సెల్ఫీ పాయింట్లు, యూట్యూబ్‌లో ఏటేటా కొత్త పాటలు, గేటెడ్ కమ్యూనిటీలో ఆర్డరిచ్చి తెప్పించుకునే పేర్చిన బతుకమ్మ. ఈ నాలుగూ ఒకదాన్ని ఇంకోటి తుడిచేయలేదు. కూకట్‌పల్లి అపార్ట్‌మెంటులో ఆడే ముప్పై మందిలో ఒకామెకు అది అమ్మ నేర్పింది, ఒకామెకు ఉద్యమంలో తెలిసింది, విజయవాడ నుంచి వచ్చిన ఇంకొకామె రీల్స్ చూసి నేర్చుకుంది. చప్పట్లు మాత్రం ఒకే తాళంలో పడతాయి. ఎవరికి ఏ అర్థం ఎక్కడి నుంచి వచ్చిందో రాయగలిగితే అది హానెర్జ్ చెప్పిన పని.

ఒక జాగ్రత్త. కాంప్లెక్సిటీ అని బోర్డు పెట్టుకున్న ఇంకో గుంపు ఉంది. లెక్కలు, కంప్యూటర్ నమూనాలు వాళ్ల పని. 1984లో అమెరికాలో మొదలైన శాంటా ఫే ఇన్‌స్టిట్యూట్ వాళ్లకు పెద్ద కేంద్రం. పొరుగున తనలాంటివాళ్లు కొంతమందైనా ఉంటే చాలనుకునే జనం కూడా చివరికి చాలావరకు విడిపోయిన బస్తీల్లో తేలతారని థామస్ షెల్లింగ్ 1971లో చూపించిన నమూనా అక్కడ చాలా ప్రసిద్ధం. నెట్‌లోగో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మీరూ దాన్ని ఆడించి చూడొచ్చు, ఒక ఆదివారం సరిపోతుంది. కానీ మీ ఉత్తరం చదివితే మీ మనసు అటు లేదనిపించింది. అప్లికేషన్లు పెట్టేటప్పుడు ఈ రెండూ కలిపేయకండి, ఇంటర్వ్యూ ఉన్నచోట దొరికిపోతారు.

ఇప్పుడు సీటు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మీకు మొదటి ఎంపిక కావాలి. సోషియాలజీ, ఆంత్రోపాలజీ డిపార్టుమెంట్లు రెండూ అక్కడే ఉన్నాయి, ఒకదాంట్లో చేరి రెండోదాంట్లో పేపర్లు తీసుకునే వీలు ఉంటుంది, హాస్టల్ ఉంది. ఎంఏ సీట్లు సీయూఈటీ-పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా ఇస్తారు. దరఖాస్తులు సాధారణంగా చలికాలంలో, పరీక్ష మార్చి ప్రాంతంలో. తప్పు జవాబుకు మార్కు కోత ఉంటుంది, గుడ్డిగా పెట్టొద్దు. రెండోది ఉస్మానియా. దానికి రాష్ట్ర పీజీ ఎంట్రన్స్ సీపీగెట్, నోటిఫికేషన్ వేసవిలో వస్తుంది. రెండూ రాయండి, మీ బీఏ రెండింటికీ పనికొస్తుంది, మార్కుల శాతం షరతు మాత్రం ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. ఉద్యోగం అస్సలు వదల్లేని పరిస్థితి వస్తే ఇగ్నో ఎంఏ సోషియాలజీ ఉంది. పట్టా పట్టాయే గానీ, థియరీ చదివేవాళ్లకు పక్కన కూర్చుని వాదించే మనిషి కావాలి. అది దూరవిద్యలో దొరకదు. అందుకే నేను దాన్ని మూడోదిగా పెడుతున్నాను.

ఈ ఊళ్లో ఈ చదువుకు గట్టి పునాది ఉంది, చిన్నచూపు అక్కర్లేదు. ఉస్మానియాలో పనిచేసిన ఎస్.సి. దూబే శామీర్‌పేట ఊరిని చదివి 1955లో ఇంగ్లిష్‌లో పుస్తకం అచ్చువేశాడు. స్వతంత్ర భారతంలో ఒక ఊరి మీద వచ్చిన తొలి పూర్తి అధ్యయనాల్లో అదొకటి. అదే ఉస్మానియాలో పాఠాలు చెప్పిన ఆస్ట్రియా దేశస్థుడు హైమెన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్య, మార్లవాయిలో ఏళ్ల తరబడి ఉన్నాడు. దూబే చూసిన శామీర్‌పేట మీద ఇప్పుడు ఔటర్ రింగ్‌రోడ్డు ఉంది, నల్సార్ లా యూనివర్సిటీ ఉంది. ఒకసారి వెళ్లి రండి. ఆ పుస్తకంలో కులాల వారీగా పనుల పంపకం మీద ఉన్న భాగం చదివి వెళ్తే ఇంకా మంచిది.

విదేశం ఇప్పుడు వద్దు. లూమన్ పేరు చెప్పి అందరూ బీలెఫెల్డ్ అంటారు. అక్కడ ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. కానీ జర్మనీ స్టూడెంట్ వీసాకు 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంతే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలన్నారు, మన డబ్బులో పది లక్షల పైమాటే. ఈ అంకె పెరుగుతుంటుంది. మన సర్టిఫికెట్లకు ఏపీఎస్ అనే జర్మన్ విభాగం తనిఖీ 2022 నవంబరు నుంచి తప్పనిసరి. ఇవన్నీ దాటినా, అక్కడి సోషియాలజీ మాస్టర్స్‌కు బీఏలో ఇన్ని సోషియాలజీ క్రెడిట్లు ఉండాలంటారు. మీ బీఏలో ఒక్కటీ లేదు. పైగా చాలా కోర్సులు జర్మన్‌లోనే నడుస్తాయి. ఇక్కడ ఎంఏ అయ్యాక పీహెచ్‌డీకి వెళ్లండి. అక్కడ చాలాచోట్ల పీహెచ్‌డీ అంటే జీతమిచ్చే ఉద్యోగం, అప్పు చేసి వెళ్లాల్సిన పని ఉండదు. కన్సల్టెన్సీలవాళ్లు ఫోన్లు చేస్తారు, ఎత్తకండి.

ఇంగ్లిష్ గురించి మీ భయం అర్థమవుతోంది, అయితే రోజంతా క్వెరీ మెయిళ్లకు జవాబులు రాసేది మీరే కదా. మాట్లాడటం తడబడినా పరవాలేదు, చదవడం రావాలి. లూమన్‌ను 1984 పుస్తకంతో మొదలుపెట్టొద్దు. అది జర్మన్లకే తలనొప్పి. 1991-92లో ఆయన క్లాసులో చెప్పిన పాఠాలు ఇంగ్లిష్‌లో పుస్తకంగా ఉన్నాయి, నోటిమాట కాబట్టి నడుస్తుంది. మీడియా మీద ఆయన రాసిన చిన్న పుస్తకం ఇంకా తేలిక. కానీ వీటికన్నా ముందు తెలుగు అకాడమీ సోషియాలజీ పుస్తకాలు ముగించండి, వెబర్, డర్కైమ్, మార్క్స్ పేర్లు తడుముకోకుండా వచ్చేదాకా. ఇగ్నో పాఠాలు ఈజ్ఞానకోశ్ వెబ్‌సైట్‌లో ఉచితం. పార్సన్స్‌ను మాత్రం దాటేయొద్దు. 1951 నాటి ఆయన పుస్తకం విసుగు పుట్టిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ లూమన్ సగం పోట్లాట ఆయనతోనే, అవతలి గొంతు వినకుండా పోట్లాట అర్థం కాదు. చదివిన ప్రతి పేజీకి నాలుగు వాక్యాలు తెలుగులో రాసుకోండి. రాయలేకపోయారంటే ఆ పేజీ అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. హాస్టల్లో కుదరకపోతే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి, గ్రూప్స్ పిల్లలు పొద్దున్నే సీట్లు ఆక్రమిస్తారు, ఆదివారమైతే ఇంకా ముందు చేరుకోవాలి.

నాన్నగారితో వాదన పెట్టుకోకండి, అంకెలు పెట్టండి. ఎంఏ తర్వాత నెట్ (లెక్చరర్ అర్హతకు జాతీయ పరీక్ష) రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37 వేలు, పైన హెచ్‌ఆర్‌ఏ. 2023 జనవరి నుంచి ఉన్న రేటు ఇది, మీ ఇప్పటి జీతం కన్నా ఎక్కువే. జేఆర్‌ఎఫ్ రాకపోతే సెంట్రల్ యూనివర్సిటీ పీహెచ్‌డీలో నాన్-నెట్ ఫెలోషిప్ 8 వేలు, దాంతో ఈ ఊళ్లో బతకడం కష్టం. ఇది కూడా ఆయనకు చెప్పండి, దాచొద్దు. లెక్చరర్ పోస్టులు ఏళ్లకేళ్లు పడవు, పడినప్పుడు నెట్ గానీ, రాష్ట్రం పెట్టే సెట్ గానీ చేతిలో ఉండాలి. అవి రాకపోయినా సోషియాలజీ పూర్తిగా వట్టిపోదు. గ్రూప్-2 రెండో పేపర్లో సమాజ నిర్మాణం, సామాజిక సమస్యలు ఉన్నాయి, ప్రజారోగ్య పరిశోధన చేసే సంస్థలకు మీలాగా ఆస్పత్రి లోపలి సంగతి తెలిసినవాళ్లు కావాలి. ఎంఏ రెండేళ్లకు హాస్టల్, మెస్ ఖర్చుకు సరిపడా సేవింగ్స్ చేతిలో పెట్టుకున్నాకే రాజీనామా ఇవ్వండి. ఎంట్రన్స్ రాయడానికి రాజీనామా అక్కర్లేదు.

మీ బావ చెప్పింది కొట్టిపారేసే మాట కాదు. ఎంబీఏ చేస్తే అదే ఆస్పత్రిలో మేనేజర్ అవుతారు, జీతం పెరుగుతుంది. ఆ చదువు ఫైలును తొందరగా కదిలించడం నేర్పుతుంది. మీరు అడుగుతున్నది ఫైలు అలా ఎందుకు కదులుతుందని. రెండూ వేరు. సీయూఈటీ, సీపీగెట్ రెండుసార్లు రాసినా సీటు రాకపోతే అప్పుడు బావ మాట వినండి, అందులో ఓటమి ఏమీ లేదు.

ఈలోపు ఇవాళ్టి నుంచే ఒక పని మొదలుపెట్టండి. రాత్రి హాస్టల్‌కొచ్చాక నోట్‌బుక్‌లో అర పేజీ రాయండి. ఏ క్వెరీ వచ్చింది, ఎవరు ఏమన్నారు, ఏ మాట ఎక్కడ ఎలా మారిపోయింది. మీకు కోపం ఎందుకొచ్చిందో కూడా రాయండి, తర్వాత పనికొస్తుంది. కానీ పేషెంట్ పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు, పాలసీ నంబరు, డాక్టరు పేరు, ఏవీ వద్దు. స్క్రీన్ ఫొటోలు తీయొద్దు, కాగితం బయటికి తేవద్దు. అది మీ ఉద్యోగానికే కాదు, అవతలివాళ్ల బతుకులకు సంబంధించిన విషయం. 2023 డేటా రక్షణ చట్టం కూడా ఉంది. ఈ నోట్‌బుక్ మీ డేటా కాదు, ప్రశ్నలు పుట్టే చోటు మాత్రమే. అసలు ఫీల్డ్‌వర్క్ ఎంఏలో చేరాక, గైడ్ ఉండగా, యూనివర్సిటీ ఎథిక్స్ అనుమతితో, ఆస్పత్రి రాతపూర్వక ఒప్పుదలతో చేస్తారు. వీలైతే అది మీ ఆస్పత్రి కాకుండా ఇంకోటి కావడం మంచిది. తోటి ఉద్యోగులను ఇరకాటంలో పెట్టకుండా ఉంటుంది.

చివరగా సర్టిఫికెట్లు. బీసీ-బి అన్నారు కాబట్టి చెప్తున్నాను. ఉస్మానియాకు రాష్ట్రం ఇచ్చే కుల సర్టిఫికెట్ సరిపోతుంది. సెంట్రల్ యూనివర్సిటీకి అది చాలదు, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్-క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి, అదీ ఆ ఏడాదికి చెల్లేది. ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి, తర్వాత మీసేవలో దరఖాస్తు పెట్టండి. తహసీల్దార్ ఆఫీసు మిర్యాలగూడలో కాబట్టి ఈసారి ఊరెళ్లినప్పుడే ఆ పని చూసుకుని రండి. డిగ్రీ కాలేజీలో టీసీ, యూనివర్సిటీ నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా అప్పుడే అడగండి. అడ్మిషన్ రోజు ఈ కాగితాల కోసం పరిగెత్తేవాళ్లను ఏటా చూస్తూనే ఉన్నాం.